వైరస్ వెనకే వచ్చే రెండో న్యుమోనియా

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీద దక్షిణానికి సాగితే బాహూరు ప్రాంతం వస్తుంది. పెద్ద చెరువు, దాని కింద వరి పొలాలు. పుదుచ్చేరికి ధాన్యాగారమని ఆ ప్రాంతానికి పేరు. ఆ రోడ్డు వెంబడే పిళ్లయార్‌కుప్పం, కిరుమాంబాక్కంలలో రెండు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. నగరం దాటి అవతలికి వెళ్తే గోరిమేడులో జిప్మర్. చుట్టుపక్కల తమిళనాడు జిల్లాల నుంచే కాక, ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై ఉండి దాదాపు 870 కిలోమీటర్ల దూరాన గోదావరి ఒడ్డున ఉన్న యానాం నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తుంటారు.

బాహూరు వైపు రైతు ఒకరిని ఊహించుకోవచ్చు. వయసు 58. పదేళ్లుగా చక్కెర జబ్బు. ఫ్లూ జ్వరం న్యుమోనియాగా మారి, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, ఆయన్ని ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టాల్సి వచ్చింది. ఆరో రోజుకు పరిస్థితి కుదుటపడింది. ఇవ్వాల్సిన ఆక్సిజన్ తగ్గింది. ఒకటి రెండు రోజుల్లో గొట్టం తీసేయవచ్చని వైద్యులు ఇంటివాళ్లకు చెప్పారు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున మళ్లీ జ్వరం. గొట్టంలోంచి తీసే కఫం అంతకుముందు పల్చగా ఉండేది, ఇప్పుడు చిక్కబడి పచ్చగా మారింది. తగ్గించిన ఆక్సిజన్‌ను మళ్లీ పెంచారు. బయట బెంచీ మీద కూర్చున్న కొడుకు అడిగే మాట ఒక్కటే: “తగ్గుతోందన్నారు కదా సార్, మళ్లీ ఏమైంది?”

చాలా సందర్భాల్లో తిరగబెట్టింది వైరస్ కాదు. వచ్చింది వేరే జబ్బు. వైరస్ దెబ్బ తిన్న ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా కొత్తగా స్థావరం ఏర్పరచుకుంది. వైద్యులు దీన్ని ద్వితీయ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అంటారు. ఆసుపత్రికి వచ్చేటప్పటికే వైరస్‌తో పాటు బ్యాక్టీరియా కూడా ఉంటే అది సహ ఇన్‌ఫెక్షన్. చేరిన తర్వాత రోజుల్లో వస్తే ద్వితీయం. వెంటిలేటర్ మీద పెట్టి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాకు వెంటిలేటర్ న్యుమోనియా అని ప్రత్యేకంగా పేరుంది. మాటల్లో ఈ తేడా చిన్నదే, వైద్యంలో మాత్రం పెద్దది. ఇంటి నుంచి రోగితో వచ్చే బ్యాక్టీరియా సాధారణంగా మామూలు మందులకు లొంగుతుంది. ఆసుపత్రిలో అంటుకునేది ఆ మందుల మధ్యే బతకడం నేర్చుకున్నది.

పేరులో మిగిలిపోయిన పొరపాటు

వైరస్ వెనకాల బ్యాక్టీరియా రావడం కొత్త సంగతి కాదు. దీని పాతదనానికి ఒక బ్యాక్టీరియా పేరే సాక్ష్యం. 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కఫంలో చిన్న కడ్డీల్లాంటి బ్యాక్టీరియాను చూసి, ఫ్లూకు కారణం ఇదేనని ప్రకటించారు. 1918లో ప్రపంచమంతా ఫ్లూతో అల్లాడినప్పుడు ప్రయోగశాలలు దాని కోసమే వెతికాయి. కొన్నిచోట్ల దొరికింది, చాలాచోట్ల దొరకలేదు. లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ను వేరు చేసే దాకా గందరగోళం తీరలేదు. ఫైఫర్ చూసింది దొంగను కాదు, దొంగ తెరిచిపోయిన తలుపులోంచి లోపలికి దూరిన రెండోవాణ్ని. ఆ బ్యాక్టీరియాను ఇప్పటికీ హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే పిలుస్తారు. పెన్సిలిన్ గురించి 1929లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ రాసిన తొలి పత్రం శీర్షికలోనూ ఈ బ్యాక్టీరియా పేరుంది. పెన్సిలిన్ దాన్ని చంపదు, చుట్టూ ఉన్న వాటిని చంపుతుంది. కాబట్టి దాన్ని విడదీసి పెంచడానికి పనికొస్తుందని ఆయన ఆలోచన.

1918 మరణాల్లో బ్యాక్టీరియా వాటా ఎంతో చాలా ఏళ్లు ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. 2008లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన మోరెన్స్, టాబెన్‌బర్గర్, ఫౌచీ ఆ పని చేశారు. అప్పట్లో చనిపోయిన 58 మంది ఊపిరితిత్తుల ముక్కలు భద్రంగా ఉంటే, వాటిని తిరిగి సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. 8,398 శవపరీక్షల వివరాలున్న పాత నివేదికలనూ తిరగేశారు. అత్యధికుల్లో ప్రాణం తీసింది వైరస్ తర్వాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా అని తేలింది. మన దేశంలో ఆ ఏడాది ఫ్లూకు బలైనవారు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఉంటారని అంచనాలు. యాంటీబయాటిక్‌లు అన్న మాటే లేని కాలం అది.

ఆ మందులు వచ్చాక కథ ముగియాలి. ముగియలేదు. 2009 స్వైన్ ఫ్లూ తొలి నెలల్లో అమెరికాలో చనిపోయినవారిలో 77 మంది నుంచి తీసిన నమూనాలను పరీక్షిస్తే 22 మందిలో బ్యాక్టీరియా కనిపించింది. అవి ఎక్కువగా 1918 నాటి పాత పరిచయస్తులే. కోవిడ్ కాలానికి వచ్చేసరికి ఐసీయూలలో బ్యాక్టీరియా రకాలే మారిపోయాయి.

తలుపు ఎలా తెరుచుకుంటుంది

శ్వాసనాళాల లోపలి గోడ మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. అది పొలంలో గాలికి ఊగే వరి పైరులా ఒకే దిశలో కదులుతూ, దుమ్మును, క్రిములను జిగురుతో సహా గొంతు వైపు నెట్టేస్తుంది. రోజంతా తెలియకుండానే మింగేసేది ఆ జిగురునే. ఫ్లూ వైరస్ ముందుగా ఆ నూగున్న కణాలనే చంపుతుంది. చీపురు పోయిన ఇంట్లో చెత్త పేరుకుంటుంది. పైగా కణాల ఉపరితలం మీద ఉండే ఒక రకం చక్కెరను ఫ్లూ వైరస్ తన ఎంజైముతో కత్తిరిస్తుంది. దాంతో బ్యాక్టీరియా అంటుకునే చోట్లు బయటపడతాయి. కత్తిరించిన చక్కెర కొన్ని బ్యాక్టీరియాలకు మేతవుతుంది.

గాలి గదుల్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు ఉంటాయి. లోపలికి వచ్చిన బ్యాక్టీరియాను మింగేయడం వాటి పని. వైరస్‌తో పోరాడే క్రమంలో శరీరం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ పదార్థమే మాక్రోఫేజ్‌ల మింగే శక్తిని తగ్గిస్తున్నట్టు 2008లో బయటపడింది. వైరస్ తగ్గుముఖం పట్టి, రోగి కోలుకుంటున్న రోజుల్లోనే ఈ బలహీనత ఎక్కువగా కనిపించింది. ఇంటివాళ్లను అన్నిటికన్నా అయోమయంలో పడేసే విషయానికి ఇక్కడ ఒక సమాధానం ఉంది. తగ్గుతోందనుకున్న సమయంలోనే రెండో జబ్బు రావడం కేవలం దురదృష్టం కాదు, అది ప్రమాదం ఎక్కువగా ఉండే సమయమే.

దీనికి ఐసీయూ తన వంతు కలుపుతుంది. గొంతులోంచి శ్వాసనాళంలోకి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం ప్రాణాన్ని నిలబెడుతుంది, నిజమే. కానీ అది ఉన్నంతసేపు రోగి దగ్గలేడు. గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగ పైన నోటి ఊట, జిగురు నిలిచి, బొట్టు బొట్టుగా కిందికి జారుతాయి. గొట్టం లోపలి గోడ మీద బ్యాక్టీరియా పాచిలా పొర కడుతుంది. చెరువు మెట్ల మీది నాచును నీళ్లు పోసి కడిగితే ఎలా పోదో, ఆ పొరలో దాగిన బ్యాక్టీరియా కూడా మందుతో అలా తేలిగ్గా పోదు. రోజులు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

స్టెరాయిడ్‌ల సంగతి ఇంకా చిక్కు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగంలో, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు డెక్సామెథసోన్ ఇస్తే 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. అంత చవకైన మందుతో అంత లాభం అరుదు. అదే మందును ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు ఇస్తే రక్తంలో చక్కెర పెరుగుతుంది, రోగనిరోధక శక్తి మందగిస్తుంది. చక్కెర జబ్బు ఉన్న మనిషి విషయంలో ఇది మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. 2021లో మన రాష్ట్రాల్లో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు ఈ పాఠం అందరికీ తెలిసొచ్చింది. బ్యాక్టీరియా విషయంలో అదే పాఠం అంతగా వార్తల్లోకి ఎక్కలేదు.

ఉందో లేదో తేల్చడమే కష్టం

బాహూరు రైతు మంచం దగ్గరకు మళ్లీ వస్తే, వైద్యుడి ముందున్న మొదటి ప్రశ్న ఏ మందు వేయాలన్నది కాదు. అసలిది బ్యాక్టీరియానేనా అన్నది. జ్వరం వైరస్ వల్ల కూడా రావచ్చు, ఏదో ఒక మందు పడక రావచ్చు, రక్తనాళంలో పెట్టిన సూది దగ్గర ఇన్‌ఫెక్షన్ వల్ల రావచ్చు. మామూలు న్యుమోనియాలో ఎక్స్‌రే మీద కొత్తగా తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఈ రోగి ఊపిరితిత్తులు వైరస్ వల్ల ముందే తెల్లబడి ఉన్నాయి. తెల్ల గోడ మీద సున్నం చుక్కను వెతకడం లాంటిది. రక్తంలో తెల్ల కణాలు స్టెరాయిడ్ వల్ల ఎలాగూ పెరుగుతాయి. సీఆర్‌పీ పరీక్ష వాపును చూపుతుంది గానీ వాపుకు కారణం ఏమిటో చెప్పదు. ప్రోకాల్సిటోనిన్ అనే పరీక్ష కొంత మెరుగు. అదీ కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు తప్పుదోవ పట్టిస్తుంది.

మిగిలింది కల్చర్. గొట్టంలోంచి కఫం తీసి, పోషకాలున్న పళ్లెంలో వేసి, ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో, అది ఏ మందుకు చస్తుందో చూస్తారు. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. అక్కడా ఒక మెలిక ఉంది. గొట్టం వేసిన రోగి శ్వాసనాళంలో కొద్ది రోజులకు బ్యాక్టీరియా ఎలాగూ చేరుతుంది. అది అక్కడ ఊరికే ఉండవచ్చు, లేదా ఊపిరితిత్తుల లోపలికి దిగి జబ్బు చేస్తూ ఉండవచ్చు. పళ్లెంలో పెరిగినదాన్ని చూసి ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. బ్రాంకోస్కోప్‌తో లోపలి గాలి గదులను కొద్ది సెలైన్‌తో కడిగి ఆ నీటిని పరీక్షిస్తే నమ్మకం పెరుగుతుంది. కానీ ఆక్సిజన్ అంతంత మాత్రంగా ఉన్న రోగికి ఆ పరీక్ష చేయడానికి ధైర్యం, నైపుణ్యం, పరికరం మూడూ కావాలి. కోవిడ్ తొలి నెలల్లో గాలిలోకి వైరస్ ఎగజిమ్ముతుందన్న భయంతో చాలా ఆసుపత్రులు దాన్ని దాదాపు ఆపేశాయి. బ్యాక్టీరియా జన్యువులను కొద్ది గంటల్లోనే పట్టే పీసీఆర్ పరీక్షలు వచ్చాయి, ఖరీదు ఎక్కువ. అవి కూడా బ్యాక్టీరియా ఉందని చెబుతాయి గానీ, అదే జబ్బు చేస్తోందని చెప్పలేవు.

ఆగడం ప్రమాదం. తొందరపడి అందరికీ బలమైన మందు వేయడమూ ప్రమాదమే. ఈ రెండింటి మధ్య నలిగిన చేతులు సాధారణంగా మందు వైపే మొగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించిన వివరాల ప్రకారం ఆసుపత్రుల్లో చేరిన కోవిడ్ రోగుల్లో దాదాపు 75 శాతం మందికి యాంటీబయాటిక్‌లు ఇచ్చారు. వాటి అవసరం ఉన్న బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ 8 శాతం మందిలోనే ఉంది. అవసరం లేనివారికి ఇచ్చిన మందు వృథా అయితే పోనీ అనుకోవచ్చు. అది వృథా కాలేదు, పేగుల్లోనూ గొంతులోనూ ఉన్న మామూలు బ్యాక్టీరియాను తుడిచేసి మొండి వాటికి చోటు చేసింది.

భారత లెక్కలు

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియాపై నిఘా కోసం భారత వైద్య పరిశోధన మండలి 2013లో ఒక ఆసుపత్రుల వలయాన్ని మొదలుపెట్టింది. దానికి ఆధారంగా మొదట ఎంచుకున్న నాలుగు సంస్థల్లో పుదుచ్చేరి జిప్మర్ ఒకటి. మిగతావి ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ. కోవిడ్ వచ్చేనాటికి ఈ నిఘా వలయం సిద్ధంగా ఉండటం వల్లే మన దేశానికి సొంత లెక్కలు దొరికాయి.

2020 జూన్ నుంచి ఆగస్టు వరకు పది ఆసుపత్రుల్లో చేరిన 17,534 మంది కోవిడ్ రోగుల వివరాలను మండలి పరిశోధకులు సేకరించి 2021లో ప్రచురించారు. వారిలో 3.6 శాతం మందికి, అంటే సుమారు 630 మందికి, ద్వితీయ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. సంఖ్య చిన్నదే. పక్కనున్న అంకెలు చిన్నవి కావు. మొత్తం రోగుల్లో మరణాలు 10.6 శాతం. ద్వితీయ ఇన్‌ఫెక్షన్ వచ్చినవారిలో 56.7 శాతం. ఈ తేడా అంతటినీ బ్యాక్టీరియా ఖాతాలో వేయడం సరికాదు. వెంటిలేటర్ దాకా వెళ్లిన, ముందే బాగా చిక్కిపోయిన రోగులకే ఈ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయి. అయినా సగం మందికి పైగా బతకలేదన్న నిజం మిగిలే ఉంటుంది.

ఆ నమూనాల్లో ముందున్నది క్లెబ్సియెల్లా న్యుమోనియే, 29 శాతం. తర్వాతది అసినెటోబ్యాక్టర్ బౌమనీ, 21 శాతం. క్లెబ్సియెల్లా మనుషుల పేగుల్లో సాధారణంగా ఉండేదే. దాని చుట్టూ మందమైన జిగురు తొడుగు ఉంటుంది. అసినెటోబ్యాక్టర్ అనే మాటకు గ్రీకు మూలంలో కదలనిది అని అర్థం. కదలకపోయినా అది వార్డంతా తిరుగుతుంది, ఎందుకంటే పొడిగా ఉన్న మంచం కడ్డీ మీద, మానిటర్ బటన్ మీద వారాల తరబడి బతికి, చేతుల మీదుగా ప్రయాణిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని అది దాదాపు ఏమీ చేయదు. ఐసీయూ రోగి దానికి తగిన నేల.

ఐసీయూలలో బలమైన ఆయుధాలుగా నమ్మే మెరోపెనెమ్ లాంటి మందుల వర్గాన్ని కార్బాపెనెమ్‌లు అంటారు. ఆ అధ్యయనంలో దొరికిన అసినెటోబ్యాక్టర్‌లలో 92.6 శాతం, క్లెబ్సియెల్లాలో 72.8 శాతం వీటికి లొంగలేదు. అంటే ఐసీయూలో వైద్యుడు కల్చర్ రిపోర్టు రాకముందే భరోసాతో మొదలుపెట్టే మందు చాలామందిలో మొదటి రోజు నుంచే పనిచేయడం లేదు. ఈ మొండితనం కోవిడ్‌తో మొదలైనదేం కాదు. కార్బాపెనెమ్‌లను ముక్కలు చేసే ఎన్‌డీఎం అనే ఎంజైము 2008లో స్వీడన్‌లో, ఢిల్లీలో చికిత్స పొంది వెళ్లిన ఒక రోగిలో బయటపడింది. 2010లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో చెన్నై నమూనాల్లోనూ అది కనిపించింది. ఢిల్లీ పేరు పెట్టారని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. పేరు మీద జరిగినంత చర్చ ఎంజైము మీద జరగలేదు. దాని జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో రకం బ్యాక్టీరియాకు సులువుగా చేతులు మారే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటుంది. కోవిడ్ ఆ మంటకు గాలి విసిరింది. అమెరికాలో కూడా 2019తో పోలిస్తే 2020లో కార్బాపెనెమ్‌కు లొంగని అసినెటోబ్యాక్టర్ ఇన్‌ఫెక్షన్లు ఆసుపత్రుల్లో 78 శాతం పెరిగాయని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తేల్చింది.

చంపింది తుపానా, రెండో న్యుమోనియానా

కోవిడ్ మరణాలంటే సైటోకైన్ తుపాను అనే మాట అందరి నోళ్లలో నానింది. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాల మీదే విరుచుకుపడటం అన్న మాట అది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని వేరే కోణం నుంచి పరీక్షించి 2023లో ప్రచురించారు. తీవ్ర న్యుమోనియాతో వెంటిలేటర్ మీదున్న 585 మందిని తీసుకున్నారు. వారిలో 190 మంది కోవిడ్ రోగులు. వీరి ప్రత్యేకత ఏమిటంటే, రెండో న్యుమోనియా అనుమానం వచ్చిన ప్రతిసారీ ఊపిరితిత్తులను కడిగి పరీక్షించే అలవాటు ఆ ఐసీయూలో ఉంది. కాబట్టి ఎవరికి ఎప్పుడు వచ్చిందో, తగ్గిందో లేదో నిపుణుల బృందం కూర్చుని తేల్చగలిగింది. ప్రతి రోగికీ ఐసీయూలో గడిచిన ఒక్కో రోజును ఒక్కో స్థితిగా లెక్కించి, ఆ స్థితులు ఒకదాంట్లోంచి మరోదానికి ఎలా మారాయో కంప్యూటర్ పద్ధతితో చూశారు.

కోవిడ్ రోగులు ఐసీయూలో ఎక్కువ రోజులు ఉన్నారు. వారిలో సగానికి పైగా వెంటిలేటర్ న్యుమోనియా వచ్చింది. అయితే తుపాను అనదగ్గ స్థాయిలో అనేక అవయవాలు ఒకేసారి కూలిన రోజులు వారిలో తక్కువగానే కనిపించాయి. వెంటిలేటర్ న్యుమోనియా రావడం ఒక్కటే మరణాన్ని నిర్ణయించలేదు. వచ్చినది తగ్గిందా లేదా అన్నది నిర్ణయించింది. ఒకసారి వచ్చి చికిత్సతో తగ్గినవారిలో మరణాలు సుమారు 18 శాతం. తగ్గనివారిలో 76 శాతం. ఈ ఒక్క ఆసుపత్రి అనుభవాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేయలేం. అయితే అది మన వైపు వేలు చూపిస్తుంది. అసినెటోబ్యాక్టర్‌లో పదింట తొమ్మిది మొదటి మందుకు లొంగని చోట, తగ్గని న్యుమోనియాలు ఎన్ని ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

చేతిలో ఉన్న మందులు

కార్బాపెనెమ్ పనిచేయనప్పుడు మన ఐసీయూలలో మొదట గుర్తొచ్చేది కొలిస్టిన్. 1950ల చివర్లో వాడుకలోకి వచ్చి, కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970లలో పక్కన పెట్టిన మందు ఇది. వేరే దారి లేక తిరిగి బయటికి తీశారు. నరం ద్వారా ఎక్కించినప్పుడు ఊపిరితిత్తుల లోపలికి సరిగా చేరదు. న్యుమోనియాకు ఇది పెద్ద లోపం. కోళ్ల మేతలో బరువు పెరగడానికి దీన్నే కలిపేవారు. పశువులు, కోళ్లు, చేపల పెంపకంలో దాని వాడకాన్ని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది.

ఇంకో దారి తెలుగువారికి దగ్గరి కథ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన లెడర్లే ప్రయోగశాలల్లో 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో అదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. అదే కుటుంబంలోని మినోసైక్లిన్‌ను 1970ల మొదట్లో అదే లెడర్లే తెచ్చింది. ఆ సంస్థను కలుపుకొన్న వైయత్ కంపెనీ 2005లో టైగెసైక్లిన్ తెచ్చింది. ఇవాళ కార్బాపెనెమ్‌కు లొంగని అసినెటోబ్యాక్టర్‌కు వేరే మందులతో కలిపి వాడే వాటిలో ఈ రెండూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ల నాటి ఆలోచన ఇంకా ఐసీయూ సెలైన్ స్టాండ్‌కు వేలాడుతోంది. అలాగని దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకూడదు. టైగెసైక్లిన్ రక్తంలోనూ ఊపిరితిత్తుల్లోనూ సరిపడా స్థాయికి చేరదు. దానితో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక చేర్చింది. ఆ ముప్పు వెంటిలేటర్ న్యుమోనియా రోగుల్లోనే ఎక్కువగా కనిపించింది.

కొత్త మందులు లేకపోలేదు. సల్‌బాక్టమ్‌కు డర్లోబాక్టమ్ అనే తోడును జతచేసిన మందుకు 2023 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అసినెటోబ్యాక్టర్ రోగుల మీద కొలిస్టిన్‌తో పోటీపెట్టి చూసినప్పుడు 28 రోజుల్లో మరణాలు కొలిస్టిన్ వర్గంలో 32 శాతం, దీనిలో 19 శాతం. కిడ్నీల మీద దెబ్బ కూడా తక్కువ. ఎన్‌డీఎం ఉన్న క్లెబ్సియెల్లాకు వైద్యులు ఒక తెలివైన జోడీని వాడుతున్నారు. అజ్‌ట్రియోనామ్ అనే పాత మందును ఎన్‌డీఎం కత్తిరించలేదు. కానీ అదే బ్యాక్టీరియాలో ఉండే ఇతర ఎంజైములు కత్తిరిస్తాయి. ఆ ఇతర ఎంజైములను అడ్డుకునే అవిబాక్టమ్‌ను పక్కన పెడితే అజ్‌ట్రియోనామ్ తన పని చేసుకుపోతుంది. చెన్నైకి చెందిన ఆర్కిడ్ ఫార్మా ప్రయోగశాలలో పుట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్, సెఫెపైమ్‌తో జతగా 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి పొందింది. మన నేల మీద కనిపెట్టిన అణువుకు ఆ స్థాయి గుర్తింపు గర్వకారణమే. అయితే అది ఎన్‌డీఎంను అడ్డుకోలేదు. ఒక్కో కొత్త మందు ఒక్కో తాళానికి చెవి మాత్రమే, తలుపుకు ఏ తాళం ఉందో ముందు ల్యాబ్ చెప్పాలి.

వార్డులో జరిగే చిన్న పనులు

రానివ్వకుండా చూసుకోవడంలో గొప్ప యంత్రాలేవీ లేవు. రోగి తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, మత్తు మందును రోజూ తగ్గించి చూసి గొట్టం తీసేయగలమా అని పరీక్షించడం, ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్లేలోగా చేతులు శుభ్రం చేసుకోవడం. ఇవన్నీ ఇరవై ఏళ్లుగా తెలిసినవే. మధ్యలో ఒక తమాషా మార్పు వచ్చింది. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో నోరు తుడవడం ఎన్నో ఏళ్లు తప్పనిసరి పని. దాని వల్ల ఉపయోగం కంటే నష్టమే ఉండొచ్చన్న అనుమానంతో ఇటీవలి అమెరికా మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. దాని స్థానంలో నిలిచింది పళ్లు తోమే బ్రష్. 15 ప్రయోగాల ఫలితాలను కలిపి 2023 చివర్లో ప్రచురించిన విశ్లేషణలో, రోజూ పళ్లు తోమిన రోగుల్లో ఆసుపత్రి న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది. ఐసీయూ మరణాలు కూడా తగ్గాయి. గొట్టం ఉన్న నోట్లో బ్రష్ పెట్టి తోమడానికి నర్సుకు కొంత సమయం కావాలి. ఒక్క నర్సు నలుగురైదుగురు వెంటిలేటర్ రోగులను చూడాల్సివచ్చే చోట ఆ సమయం దొరకదు. కొరత బ్రష్‌ది కాదు.

మందును ఎప్పుడు ఆపాలన్నది కూడా నివారణలో భాగమే. ఫ్రాన్స్‌లోని 51 ఐసీయూలలో 401 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన ప్రయోగంలో, వెంటిలేటర్ న్యుమోనియాకు 8 రోజుల చికిత్స, 15 రోజుల చికిత్స దాదాపు ఒకే ఫలితాన్నిచ్చాయి. అసినెటోబ్యాక్టర్ లాంటి మొండి రకాల్లో మాత్రం 8 రోజుల వారికి జబ్బు కొంత ఎక్కువగా తిరగబెట్టింది. నేపాల్, థాయిలాండ్, సింగపూర్‌లలో జరిపి 2024లో వెల్లడించిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. జ్వరం తగ్గి, రక్తపోటు నిలకడగా ఉన్న రోగుల్లో వారం రోజుల లోపే, కొందరిలో మూడు నుంచి ఐదు రోజులకే ఆపినా నష్టం జరగలేదు. మన ఆసుపత్రులకు దగ్గరి పరిస్థితులున్న దేశాల్లో జరిగింది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఐసీయూ గుమ్మం దాకా రాకుండా ఆపేవి ఫ్లూ టీకా, న్యుమోకోకల్ టీకా. చక్కెర జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికి, 65 దాటినవారికి వీటి లాభం ఎక్కువ.

బాహూరు రైతు కఫం కల్చర్ రిపోర్టు పదో రోజు సాయంత్రం వచ్చిందనుకుందాం. క్లెబ్సియెల్లా. మెరోపెనెమ్‌కు లొంగదు, మరో రెండు మందులకు లొంగుతుంది. ఎనిమిదో రోజు ఉదయం ముందుజాగ్రత్తగా మొదలుపెట్టిన మూడు మందుల్లో రెండింటిని ఆ రాత్రే ఆపేశారు, మిగిలినదాని మోతాదు సరిచేశారు. పన్నెండో రోజున జ్వరం లేదు. కొడుకు మళ్లీ అదే బెంచీ దగ్గర నిలబడి, గొట్టం ఎప్పుడు తీస్తారని అడుగుతున్నాడు.